ఏం కూర వండారమ్మా?

(కోతపండుగ ఆరాధన తరువాత నర్సీపట్నములో స్త్రీల సమాజము వారి కూడికలో చేసిన ప్రసంగము. శతాబ్ది సంచిక సంపాదకవర్గము వారు కోరగా, కొద్ది మార్పులతో వ్రాసి ఇస్తున్నాము.)



ఈరోజు బల్లపీఠము ముందు మీరు తెచ్చి పెట్టిన గుమ్మడికాయలు, అరటిగెలలు, చోళ్ళ మూటలు, కొత్త బియ్యపు సంచులు చూస్తూ కూర్చున్నాము. కనులపండువగా ఉన్నవి. ఇంత పంట ముందు నిలబడి ఆకలిని గూర్చి మాట్లాడటము పెండ్లి పందిట్లో అప్పుల లెక్క తీసినట్లు ఉంటుందేమో. అయినా 2020లోనూ మన ఊళ్ళో పంట తక్కువ కాలేదు. గోదాములలో బియ్యము ఉన్నది, దుకాణాలలో పప్పు ఉన్నది, పొలములో కూరగాయలు కుళ్ళిపోయేటన్ని ఉన్నవి. అయినా కొన్ని ఇళ్ళలో రాత్రి పొయ్యి వెలగలేదు. ఆ ఇళ్ళు మన సంఘములోవే. అందులో ఒక ఇంటికి మేము వెళ్ళి, టీ త్రాగి, ప్రార్థన చేసి, ఏమీ కనిపెట్టకుండా తిరిగి వచ్చాము. ఆ సంగతి చెప్పడానికే ఈ ప్రసంగము.

మన తెలుగు ఆడవారు ఒకరికొకరు ఎదురైతే మొదట అడిగే మాట ఏమిటి? క్షేమమా అని కాదు. "ఏం కూర వండారు?" అని. నూతి దగ్గర అడుగుతారు, కుళాయి దగ్గర అడుగుతారు, ఆరాధన ముగిసి మెట్లు దిగుతూ అడుగుతారు. మేము వేదాంత కళాశాలలో చదువుకునే రోజుల్లో ఈ ప్రశ్నను ఎగతాళి చేసేవారము. గంటసేపు ప్రసంగము విని గుడి మెట్ల మీద కూరల మాటా అని. ఆ ఎగతాళికి మేము తరువాత సిగ్గుపడవలసి వచ్చింది.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. 25 నుండి దేశమంతా కట్టుబాటు. ఆలయానికి తాళము వేశాము. అబీద్ సెంటరులో పట్టపగలు కుక్కలు పడుకున్నవి. కొన్ని వీధులకు అడ్డముగా కర్రలు కట్టారు. ఉదయము కొద్ది గంటలు మాత్రమే దుకాణాలు తీసేవారు. మన ఊరు అప్పుడు విశాఖపట్నము జిల్లాలో ఉన్నది. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా ఏర్పడిన తరువాత అందులోకి వచ్చింది. ఎగువన ఉన్న చింతపల్లి, లంబసింగి వంటి మన్యపు ఊళ్ళు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళినవి. జిల్లాలు వేరైనా ఆకలి లెక్కలో ఈ రెండూ ఒకటే. మన్యములో సంత జరిగితేనే మన ఊళ్ళో ఆటోకు బేరము, కళాసీకి మూట, హోటలుకు గిరాకీ. చింతపండు దిగే వేసవి రోజుల్లోనే ఆ సంతలు ఆగిపోయినవి. పైన గిరిజనుల చింతపండు అమ్ముడుపోలేదు. క్రింద మన వీధిలో మూటలు మోసేవాని కూలి పోయింది. ఒక త్రాడు తెగితే రెండు కుండలు నూతిలో పడినట్లయింది.

ప్రభుత్వము ఏమీ చేయలేదని మేము అనము. అది అబద్ధము. మార్చి 29 నుండి రేషన్ డిపోలలో బియ్యము, ఇంటికి కిలో కందిపప్పు ఉచితముగా ఇవ్వసాగారు. ఏప్రిల్ 4న వాలంటీర్లు ఇళ్ళకు వచ్చి కార్డుదారులకు వెయ్యి రూపాయలు చేతిలో పెట్టారు. కేంద్ర ప్రభుత్వము మనిషికి నెలకు 5 కిలోల చొప్పున అదనపు ధాన్యము ప్రకటించింది. అది మొదట మూడు నెలలకని చెప్పి, నవంబరు దాకా పొడిగించారు. తిరిగి 2021 మే నుండి 2022 డిసెంబరు దాకా ఇచ్చారు. కేంద్ర చట్టము క్రిందికి రాని కార్డులకు రాష్ట్రము తన ఖర్చుతో బియ్యము పెట్టింది. ఆ బియ్యమే లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

అయితే ఆ లెక్కను ఒకసారి ఇంటి కొలతలోకి దింపి చూడండి. మామూలు కోటా 5 కిలోలు, అదనము 5 కిలోలు. మనిషికి నెలకు 10 కిలోలు. రోజుకు 330 గ్రాముల పైమాట. మూడు పూటలా కడుపునిండా కాకపోయినా బ్రదుకుతారు. ఇక పప్పు? ఇంటికి నెలకు కిలో. రోజుకు 33 గ్రాములు, అది ఇంటిల్లిపాదికీ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు ఒక మనిషికి రోజుకు పప్పుగానీ గ్రుడ్డుగానీ మాంసముగానీ 85 గ్రాములు ఉండాలని, కూరగాయలు 400 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు ఉండాలని చెబుతారు. నలుగురున్న ఇంటికి ఆ లెక్కన పప్పే 340 గ్రాములు కావాలి. వచ్చినది అందులో పదవ వంతు. నూనె, ఉప్పు, చింతపండు, మిరపకాయ, గ్యాసుబండ — ఇవి డిపోలో రాలేదు. డబ్బు పెట్టి కొనవలసినవే. ఆ డబ్బుకు కూలి కావాలి. కూలి లేదు.

ఇక్కడ మన ఊరికి ఇంకొక చిక్కు ఉన్నది. చుట్టుప్రక్కల పల్లెల్లో ఉపాధి హామీ పని ఉన్నది. ఆ ఏడు ఏప్రిల్ నుండి మన రాష్ట్రములో రోజుకూలి 237 రూపాయలు చేశారు. చెరువు మట్టి తవ్వుకుని అయినా నాలుగు డబ్బులు చూశారు. మనది పురపాలక సంఘము. ఉపాధి హామీ చట్టము గ్రామాలకే గాని పట్టణాలకు లేదు. బండి మీద ఇడ్లీ అమ్ముకునే ఆమె, తాపీపనివాడు, బట్టల కొట్టులో గుమస్తా, పెళ్ళిళ్ళకు షామియానాలు కట్టే కుర్రవాడు — వీరికి తవ్వుకోడానికి చెరువు కూడా లేకపోయింది. పట్టణములో ఉన్నామన్న గొప్ప ఆ నెలల్లో ఎంత బరువైనదో వారిని అడగండి.

ఇప్పుడు మా తప్పు సంగతి.

ఏప్రిల్ రెండవ వారములో సంఘ పెద్దలము ఫోనులలో మాట్లాడుకుని చందాలు వేసుకున్నాము. బియ్యము, పప్పు, నూనె, ఉల్లిపాయలు సంచులు కట్టించాము. ఎవరికి ఇవ్వాలి? ఒక పట్టిక వ్రాశాము. విధవరాండ్రు, వృద్ధులు, దినకూలీలు. పట్టిక చూసుకుని మాకు తృప్తి కలిగింది. ఫోను చేసి "బియ్యం ఉన్నాయా?" అని అడిగాము. ఉన్నాయన్న వారి పేరు ప్రక్కన గీత పెట్టాము. సంచులు ఇచ్చేటప్పుడు ఫొటోలు కూడా తీయించాము.

ఆ చందాలలో 500 రూపాయలు మన గానబృందములోని ఒక సహోదరుడు ఇచ్చాడు. ఆయన ఒక ప్రైవేటు బడిలో ఉపాధ్యాయుడు. బడి మూతపడగానే జీతము ఆగిపోయింది. ఆ సంగతి మాకు తెలియదు. తెలియదనడము కూడా సరికాదు, ఆలోచిస్తే తెలిసేదే. ఇచ్చేవారి పట్టికలో పేరున్న మనిషిని పుచ్చుకునేవారి పట్టికలో చూడడము మా కంటికి అలవాటు లేదు. వారి రేషన్ కార్డు పల్లెలో అత్తగారి పేరున ఉన్నది. బియ్యమూ పప్పూ వెయ్యి రూపాయలూ అక్కడికే వెళ్ళినవి. పల్లెలోనూ ఇద్దరు వృద్ధులున్నారు, మనుమలున్నారు. పంపమని ఏ ముఖముతో అడుగుతారు? ఒకసారి కొన్ని బియ్యము మాత్రము వచ్చినవట.

మే నెలలో కట్టుబాట్లు కొంచెము సడలినప్పుడు మేము ముఖానికి గుడ్డ కట్టుకుని వారి ఇంటికి వెళ్ళాము. ఆ సహోదరి టీ తెచ్చి ఇచ్చింది. పాలు లేని టీ. "పాలు మానేశామండి అయ్యగారూ, ఒంటికి మంచిదంట" అన్నది. మంచి అలవాటమ్మా అని మెచ్చుకున్నాము! అప్పుడామెకు ఏడవ నెల. అంతకు వారము ముందే ఆసుపత్రిలో రక్తము బాగా తక్కువగా ఉన్నదని చెప్పి పంపారట. మేము బియ్యము ఉన్నవా అని అడిగాము. ఉన్నవన్నది. అది నిజమే. గంజి కాచుకోడానికి ఉన్నవి. ప్రార్థన చేసి వచ్చేశాము.

నాలుగు రోజుల తరువాత మా యింటిలో అమ్మగారు వేరే పనిమీద ఆమెకు ఫోను చేసి, మాటల్లో మాటగా "ఏం కూర వండావమ్మా?" అన్నారు. అవతల కొంతసేపు మాట లేదు. తరువాత ఏడుపు వినబడింది. పద్దెనిమిది రోజులుగా ఆ ఇంట్లో కూర లేదు. గంజి, ఉప్పు, ఒక్కొక్కరోజు చింతపండు నీళ్ళు. భర్తకు, పిల్లవానికి వార్చిన అన్నము పెట్టి తాను గంజి త్రాగుతున్నది. ఆడవారు చివర తినడము మన ఇళ్ళలో ధర్మమన్నట్లు సాగుతుంది కదా. చివర తినేవారికి ఏమి మిగిలినదో ఎవరూ చూడరు. గిన్నె కడిగేది కూడా ఆమే.

మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అపొస్తలుల కార్యముల ఆరవ అధ్యాయము తెరిచి కూర్చున్నాము. ఆదిసంఘములో పుట్టిన ఆ సణుగుడు దేనిమీద? సిద్ధాంతముల మీద కాదు. అన్నము వడ్డించే పట్టిక మీద. గ్రీకు మాట్లాడే విధవరాండ్రను రోజువారీ పంపకములో విడిచిపెట్టారని సణుగుడు. విడిచిపెట్టినవారు దుర్మార్గులు కారు. వారి భాష వేరు, వీధి వేరు, కంటికి ఆనలేదు. అపొస్తలులు ఆ సణుగుడును కసరలేదు. దానికని ప్రత్యేకముగా ఏడుగురిని ఏర్పరచారు. ఈ భాగము మీద మేము ఎన్నో ప్రసంగములు చేశాము, పరిచారకుల నియామకమును గూర్చి! అన్నపు పళ్ళెము మా కంట పడలేదు.

తరువాతి వారము పట్టికను స్త్రీల సమాజమునకు అప్పగించాము. పెద్దలలో ఒకరిద్దరికి నచ్చలేదు. కాని వారము తిరిగేసరికి ఆ స్త్రీలు, పట్టికలో లేని ఇళ్ళు తొమ్మిది కనుక్కున్నారు. ఏ విచారణా చేయలేదు. ఫోను చేసి ఏం కూర అని అడిగారు, అంతే. అబద్ధము చెప్పేవారు కూడా కూర పేరు చెప్పడానికి ఒక క్షణము తడబడతారట. ఆ తడబాటు ఆడవారికి తెలుస్తుంది. మాకు తెలియదు.

వారు చేసిన రెండవ పని మాకు మరీ ఆశ్చర్యము కలిగించింది. కిరాణాకొట్టు ఆయన దగ్గరకు వెళ్ళారు. ఆయన మన మతస్థుడు కాడు. తరతరాలుగా ఆ వీధికి అరువు ఇచ్చే మనిషి. ఏ ఇల్లు చితికిపోతున్నదో తనకు ముందే తెలుస్తుందన్నాడు. మొదట పాలపొట్లము మానేస్తారు. తరువాత కందిపప్పు బదులు ఏదైనా చవక పప్పు అడుగుతారు. తరువాత నూనె లీటరు పోయి చిన్న పొట్లాలు వస్తవి. ఆ తరువాత మనిషే రావడము మానేస్తాడు. పాత బాకీ తీర్చలేక వేరే వీధి నుండి చుట్టు తిరిగి వెళతాడు. స్త్రీలు ఆ బాకీలలో కొన్ని చడీచప్పుడు లేకుండా కట్టివేశారు. మళ్ళీ ఆ ఇంటివారు కొట్టుకు వెళ్ళి తమకు కావలసినది తామే కొనుక్కున్నారు. ఒకరు గ్రుడ్లు కొన్నారు, ఒకరు పసిబిడ్డకు పాలపొడి కొన్నారు. ఒకాయన బీడీలు కొన్నాడని కమిటీలో ఫిర్యాదు వచ్చింది. వచ్చినా ఆ పద్ధతే మేలని మా అభిప్రాయము. సంచి కట్టి ఇచ్చేటప్పుడు వారి ఇంటి అవసరము మనకు తెలుసుననుకుంటాము. తెలియదు. కొందరు రేషన్ బియ్యములో కొంత అమ్ముకున్నారని విన్నప్పుడు మనలో చాలామంది మండిపడ్డాము. నూనె, మందుబిళ్ళ బియ్యముతో రావు గనుక అమ్ముకున్నారు.

ఇది కొత్తగా తెలిసిన సత్యము కాదు. మన తెలుగు సంఘముల చరిత్రలోనే ఉన్నది. 1876–78 నాటి గొప్ప కరవులో ఒంగోలులో క్లౌ దొరగారు గంజి పోయడముతో సరిపెట్టుకోలేదు. బకింగ్‌హాం కాలువ తవ్వకములో మూడు మైళ్ళ పైచిలుకు గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. కూలి చేతిలో ఉన్నవాడు బజారులో తలెత్తుకుని గింజలు కొన్నాడు. అంతకంటె మాకు నచ్చినది, కరవు సహాయము జరిగినన్నాళ్ళు ఆయన ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. అన్నము కోసము వచ్చారన్న మాట రాకూడదని. సహాయము ముగిసిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. మనకు ఆ సంఖ్య కంఠతా వచ్చు; దాని ముందరి ఆగిన నెలలు గుర్తులేవు. మేము తీయించిన ఫొటోలు ఆ నెలలను తలచుకున్నప్పుడు గుచ్చుకున్నవి. వాటిని చెరిపించాము.

1918లో వచ్చిన ఇన్‌ఫ్లూయెంజా సంగతీ అంతే. అప్పుడు మన దేశములో కోటికి మించి చనిపోయారు. ఆ ఏడు వానలు కూడా తప్పినవి, యుద్ధము వలన ధరలు మండినవి. సెప్టెంబరులో మద్రాసులో బియ్యపు దుకాణాలు దోచుకున్నారు. జ్వరమూ ఆకలీ జంటగానే తిరుగుతవి.

2021 వేసవిలో రెండవసారి వ్యాధి వచ్చినప్పుడు ఆకలి వేషము మార్చుకుని వచ్చింది. మే 5 నుండి మధ్యాహ్నము పన్నెండు దాటితే కర్ఫ్యూ. ఈసారి బియ్యము, డబ్బు ఉన్న ఇళ్ళలో కూడా వండేవారు లేరు. తల్లికి జ్వరము, తండ్రికి జ్వరము, గదిలో ఒంటరిగా ముసలమ్మ. బియ్యపు బస్తా తెచ్చి గుమ్మములో పెడితే ఏమి లాభము? స్త్రీల సమాజము వారు వంతులు వేసుకుని వండారు. కుర్రవాళ్ళు మోటారుసైకిళ్ళ మీద క్యారియర్లు తీసుకువెళ్ళి గేటుకు తగిలించి, దూరము నుండి పిలిచి వచ్చేవారు. అన్నము, మెత్తని పప్పు, చారు, ఉడికించిన గ్రుడ్డు. రోగికి నోరు చేదు గనుక నిమ్మకాయ పచ్చడి ఒక చెంచా. పచ్చడి ఆలోచన మగవారిది కాదని వేరే చెప్పాలా? కొన్ని ఇళ్ళ నుండి క్యారియరు విప్పకుండానే తిరిగి వచ్చింది. ఆ ఇళ్ళవారు ఈనాడు మన మధ్య లేరు.

పెద్దవారికి గుర్తుండే ఉంటుంది, మన అమ్మలు అన్నము వండేటప్పుడు ఎసట్లో పోసే బియ్యములోనుండి పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారము దానిని గుడికి తెచ్చేవారు. క్రమేణ ఆ పిడికెడు కవరులోని నోటు అయినది. సౌకర్యము నిజమే. కాని ఆ కుండ చేసిన ఇంకొక పని పోయింది. పిడికెడు తీసేటప్పుడు ప్రతి పూటా ఆ ఇల్లాలికి తన ఇంటి నిలువ ఎంతో తెలిసేది. గుడిలో కుండలు దించేటప్పుడు ఎవరి కుండ తేలికైనదో తక్కిన ఆడవారికి తెలిసేది. ఈ మధ్య మా యింట్లో కిరాణా తక్కెడ మీద తూచి చూశాము: అమ్మగారి పిడికెడు 40 గ్రాములు. రెండు పూటలకు 80. నెలకు రెండు కిలోల నాలుగు వందలు. ఒక మనిషికి ఏడు రోజుల రేషను. మా పిడికెడు 60 తూగింది. మమ్ములను వంటింటిలోనికి రానివ్వడము లేదు గనుక దాని వలన సంఘమునకు లాభము లేదు.

గత సంవత్సరము నుండి ఆ కుండను తిరిగి పెట్టాము. కొందరు బియ్యము వేస్తున్నారు, కొందరు పప్పు, ఒక సహోదరి వారానికి రెండు గ్రుడ్లు. డబ్బు వేసేవారి నోట్లు వేరే డబ్బాలో కిరాణాకొట్టు ఖాతాకు పోతున్నవి. ఎవరికి ఏమి వెళ్ళినదో స్త్రీల సమాజము కార్యదర్శి దగ్గర ఒక పుస్తకములో ఉంటుంది. అది మాకు చూపించరు. మేము అడగము. సాధారణ కమిటీలో లెక్క చెప్పాలని పట్టుబట్టిన పెద్దలకు మొత్తము మాత్రము చదివి వినిపిస్తారు, పేర్లు ఉండవు.

ఆ ఉపాధ్యాయుని సంగతి అడుగుతారని తెలుసు. బిడ్డ పుట్టింది. ఆడపిల్ల, పుట్టినప్పుడు రెండు కిలోలు లేదు. ఇప్పుడు బడికి వెళుతున్నది. ఆయన ఉపాధ్యాయ వృత్తి మాని కుటుంబముతో హైదరాబాదు వెళ్ళి ఒక గోదాములో పని చేస్తున్నాడు. పండుగలకు వచ్చినప్పుడు కూడా గుడికి రావడము లేదు. మొన్న బజారులో ఎదురైతే నమస్కారము పెట్టి ప్రక్కకు తొలగబోయాడు. ఏమి మాట్లాడాలో మాకు తోచలేదు. చివరకు "ఈరోజు ఇంట్లో ఏం కూర?" అని అడిగాము. ఒక్క క్షణము చూసి, "ఆనపకాయండి, ఎండురొయ్యలు వేసి" అన్నాడు. తడబడలేదు.

కుండ గుడి గుమ్మము దగ్గర ఎడమ వైపున ఉన్నది. వెళ్ళేటప్పుడు చూసి వెళ్ళండి. ఈ వారము సగము కూడా నిండలేదు.